ఇంటిపేరు గడి

పటాలకు ఫ్రేములు కట్టే కొట్టు వెనక గది. అక్కకు డెబ్బై ఒకటి, తమ్ముడికి అరవై ఆరు. ఎదురుగా స్టూలు మీద, చిన్న గొట్టం ఉన్న అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని, ల్యాబు నుంచి వచ్చిన అమ్మాయి.

"ముందు ఆ నోట్లో మేకులు తియ్యరా."

"ఈ పటం కానీ అక్కా. నాలుగు మేకులు. సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాను."

"గంట నుంచీ నాలుగే ఉన్నాయి. తగ్గవు, పెరగవు."

"తాతగారూ, మేకులు తీశాక కూడా అరగంట ఆగాలి. ఏమీ తినకూడదు, తాగకూడదు. అప్పుడే ఈ గొట్టంలో ఉమ్మాలి."

"ఉమ్మికి ఇంత మర్యాదేంటమ్మా? వీధిలో ఎవణ్ణడిగినా ఊరికే ఇస్తాడు."

"వీధిలో వాడిది నాకెందుకురా. నీది కావాలి."

"అయితే నీదే ఇవ్వు. ఒక కడుపున పుట్టినవాళ్లం, ఎవరిదైతేనేం."

"అమ్మాయ్, నువ్వే చెప్పు వీడికి. నా మాట వీడి చెవికెక్కదు."

"ఈ డీఎన్ఏ పరీక్షకు బామ్మగారిది పనికిరాదు తాతగారూ. ఇది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లే వరస. ఇంటిపేరు ఎలా వెళ్తుందో అలాగే. మీ నాన్నగారికి ఉన్నదే మీకుంటుంది, వాళ్ల నాన్నగారికీ అదే. ఇప్పటికి వేలమంది మగవాళ్లు ఇచ్చారు. మీది ఎవరితో కలిస్తే వాళ్ల ఇంటిపేరు, వాళ్ల ఊరు తెలుస్తాయి. మీ వంశం మొదట ఎక్కణ్ణుంచి బయల్దేరిందో పటం గీసి ఇస్తారు."

"పటమా? అయితే ఫ్రేము ఖర్చు లేదు. నేనే కట్టుకుంటా."

"నవ్వులాటకు రాలేదురా నేను. సోమవారం నన్ను కోస్తారు. డాక్టరు నా మొహం చూసి మాట్లాడలేదు, గోడ మీది క్యాలెండరుతో మాట్లాడాడు."

"నీకేం కాదు."

"నువ్వు కాదంటే కాకుండా ఉంటుందా. దీని ఫలితం రావడానికి ఆరు వారాలట. ఇవాళ ఇచ్చినా నేను చూస్తానో లేదో. ఈ పిల్లను మూడుసార్లు వెనక్కి పంపావు."

"మొదటిసారి నాకు జలుబు."

"రెండోసారి?"

"రెండోసారి స్కూలువాళ్లొచ్చారు. నలభై గ్రూపు ఫొటోలు."

"మూడోసారి నన్ను చూసి పెరటి గుమ్మం గుండా జారుకున్నావు. బెత్తం చూసిన పిల్లాడిలాగా."

"సరే, తీశాను. ఇవిగో, లెక్కపెట్టుకో. టైము పెట్టమ్మా."

"పెట్టాను. ఈలోగా కాగితం చూద్దాం. పేరు రాశారు, వయసు రాశారు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది బామ్మగారూ."

"అది... తర్వాత చూద్దాంలే."

"అదేంటక్కా? ఇంటిపేరు పుట్టుక కోసమే పరీక్షంటివి. ఆ ఇంటిపేరే రాయలేదా?"

"కళ్లు ఆనలేదు."

"మిగతా గడులన్నీ ఆనాయి కదా. ఇలా ఇవ్వు, నేను రాస్తా."

"వద్దు."

"నా ఇంటిపేరు నేను..."

"వద్దన్నానా. కలం అక్కడ పెట్టు."

"ఖాళీగా ఉన్నా పరవాలేదు తాతగారూ, కొందరు అలాగే పంపుతారు. తాతగారూ... ఏం తాగుతున్నారు?"

"టీ. పొద్దుటిది, అడుగున మిగిలింది."

"మళ్లీ అరగంట ఆగాలి."

"మర్చిపోయానమ్మా."

"మర్చిపోలేదు. చల్లారి మీగడ కట్టిన టీ ఎవడైనా మర్చిపోయి తాగుతాడా? అమ్మాయ్, నువ్వు కాస్త ముందు గదిలో కూర్చో. అద్దం పలకలకు ఆనుకోకు, అంచులు పదునుగా ఉంటాయి."

"నాకింకా రెండిళ్లున్నాయి బామ్మగారూ."

"తెలుసు తల్లీ. ఈ ఒక్కసారికి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అంతమాటెందుకండీ. పెట్టె ఇక్కడే ఉంచి వెళ్లి కూర్చుంటాను."

"చిన్నపిల్ల ముందు ఆ మాటలేంటక్కా?"

"మరి నీ కాళ్లు పట్టుకోనా? అదీ చేస్తాను. ఇదిగో..."

"లే. లే అక్కా, కింద గాజుపెంకులున్నాయి. కూర్చో. నీళ్లు తాగుతావా?"

"నాకు నీళ్లొద్దు. నీకేం పోయిందిరా, ఇంత ఉమ్మడానికి? సూది లేదు, కోత లేదు. నీకూ ఇద్దరూ కూతుళ్లే. నీతోనే ఆ వరస ఆఖరు. రేపు నేను పోయాక ఎవరు పడతారు ఈ అవస్థ?"

"నువ్వు పోకు."

"ఒరేయ్."

"ఆ ఫలితం రాకూడదక్కా."

"ఎందుకు?"

"రాకూడదు, అంతే."

"అంతే అంటే నాకు చాలదు. ఎందుకు?"

"వస్తే నీకు తమ్ముడు పోతాడు. నాకు అక్క పోతుంది."

"సరిగ్గా చెప్పు."

"నేను మీవాణ్ణి కాదక్కా. వరదొచ్చిన రోజు, జనాన్ని ఎక్కించుకుపోయే లారీల దగ్గర... జనం తోసేశారు, నువ్వు నీ తమ్ముడి చెయ్యి వదిలేశావు. మళ్లీ పట్టుకున్నది నా చెయ్యి. అందరి మొహాల నిండా బురదే. నువ్వు తొమ్మిదేళ్లదానివి, నీకేం తెలుస్తుంది. నాకు నాలుగేళ్లు, అయినా నాకు తెలుసు. మా ఇంట్లో అక్కల్లేరు. ఇద్దరన్నలు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే లారీలోంచి దింపేస్తావనుకున్నా. పెద్దమ్మ ఇంటికి చేరాక ఆవిడ తరిమేస్తుందనుకున్నా. మీ అమ్మానాన్నా వరదలోనే పోయారు, ఆవిడ నీ తమ్ముణ్ణి అంతకు ముందు చూడలేదు కాబట్టి గడిచిపోయింది. రోజూ నీ పళ్లెంలోది సగం నా వైపు తోసేదానివి. ఏ మొహం పెట్టుకుని చెప్పను? నీ తమ్ముడి చొక్కాలు తొడిగాను. నీ తమ్ముడి ఇంటిపేరు ఈ కొట్టు బోర్డు మీద రాయించుకున్నాను. రోజూ పొద్దున షట్టరెత్తేటప్పుడు దాన్ని తలెత్తి చూడను. నేను దొంగనే అక్కా. నన్ను..."

"బొటనవేలు."

"ఏంటి?"

"మావాడి కుడి బొటనవేలికి గోరు లేదు. తలుపు సందులో నలిగి ఊడిపోయింది, మళ్లీ రాలేదు. లారీలో నీ చెయ్యి తడిమితే గోరు తగిలింది."

"ఎప్పుడు?"

"అప్పుడే. లారీ ఇంకా కదల్లేదు."

"అంటే... నీకు మొదటినుంచీ తెలుసా?"

"మొదటినుంచీ అంటే మొదటినుంచే. అరవై రెండేళ్లు."

"తెలిసి ఒక్కమాట అనలేదు."

"నువ్వన్నావా?"

"మరి ఈ పరీక్ష దేనికక్కా? నా ఉమ్మిలో మీ తమ్ముడెలా దొరుకుతాడు?"

"వాడు దొరకడని నాకెప్పుడో తెలుసు. వాడి కోసం ఏడవడం కూడా అయిపోయింది. ఇది నీ కోసం. అందుకే ఆ గడిలో రాయనివ్వలేదు. మా ఇంటిపేరు రాస్తే మావాళ్లతోనే పోల్చి చూసి, కలవలేదని ఊరుకుంటారేమోనని భయం. నీది ఏదో వాళ్లే చెప్పాలి. నీకు గుర్తుందా, మీ ఇంటిపేరు?"

"నాలుగేళ్లవాడికి ఇంటిపేరేంటక్కా. నాన్నంటే నాన్నే. ఆయన చేతులకు రంపంపొట్టు వాసనొచ్చేది. అంతకు మించి ఏమీ లేదు నా దగ్గర."

"ఆ వాసన చాలు. ఉమ్ము."

"ఎవరున్నారని? ఇల్లు మునగడం నా కళ్లతో చూశాను. ఎవరో నన్ను పడవలోకి లాగి గట్టున దింపి పోయారు. మావాళ్లంతా ఆ నీళ్లలోనే పోయారు. అందుకే నాకే ఎదురుచూపూ లేదు, హాయిగా బతికేశాను. ఆ రోజు నువ్వు చెయ్యి పట్టుకోకపోతే నేనూ పోయేవాణ్ణి. దిక్కులేనివాణ్ణి బతికించావు. ఇంక నాకు వేరే ఇంటిపేరెందుకు?"

"అలా అనకురా."

"అంటాను. ఆపరేషన్ బల్ల మీదికి ఆ ధైర్యంతో వెళ్లు. ఒక దిక్కులేనివాణ్ణి..."

"అలా అనకు. నా గుండె ఆగిపోతుంది. గొట్టం తీసుకో. ముందు చేతిలోకి తీసుకో, అప్పుడు చెబుతాను."

"తీసుకున్నాను. చెప్పు."

"లారీ కదిలాక ఒకాయన వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. ఒక కాలికే చెప్పుంది, జుట్టు నిండా రంపంపొట్టు. ఏదో పేరు పెట్టి పిలుస్తున్నాడు, మోతలో నాకు వినబడలేదు. నీకు వినబడింది. తలెత్తబోయావు. నేను నీ మొహాన్ని నా ఒళ్లో అదిమిపెట్టి, లారీ మలుపు తిరిగేదాకా చెయ్యి తియ్యలేదు."