తవుడికి కొన్న పిల్ల

మలయ్ దేశపు హుటాన్ మెలింటాంగ్ నుంచి మొదటి బస్సెక్కి వచ్చి, రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో కూర్చున్నారు. అప్పలనరసమ్మ తమలపాకు నములుతోంది, ఆవిడ కూతురి కూతురు తివ్య గోళ్ళు నములుతోంది.

“మళ్ళీ ఒకసారి సెప్పు, అమ్మమ్మా. ఆఫీసరమ్మ ‘ఈ పిల్ల ఎవరు’ అంటే ఏటంటావు?”

“పిల్ల అంటాను.”

“ఎవరి పిల్ల?”

“ఆడపిల్ల.”

“అమ్మమ్మా!”

“మగపిల్లాడివేటే? గవర్నమెంటు కాడ అబద్ధం సెప్పమంటావా?”

“‘నా కూతురు రామలక్ష్మి కన్న పిల్ల, నా మనవరాలు.’ అంతే! మలయ్‌లో అయితే ఇంకా సిన్నది, ‘చుచు సయా.’ ఏదీ, అను.”

“నోట్లో ఆకుంది.”

“ఉమ్మీయి.”

“ఇక్కడ ఉమ్మితే ఫైనేస్తారు.”

“పోయినసారి నువ్వన్న మాటకి పోలీసోళ్ళనే పిలిచినారు, ఫైనొక లెక్కా! ‘మా పిల్ల కాదమ్మా, పక్కింటి మారియమ్మ కాడ సేటెడు తవుడికి కొన్నాం’ అనీసినావు. ఆఫీసరమ్మ సేతిలో పెన్ను కింద పడిపోయినాది.”

“జరిగిందే సెప్పినాను.”

“జరిగిందే సెప్తే పోలీసోళ్ళు మారియమ్మత్త ఇంటికెళ్ళి, ‘ఇప్పటిదాకా ఎంతమంది పిల్లల్ని అమ్మినావు’ అనడిగినారు! ఆవిడ మనతో మాటలు మానీసింది. సేపల కుళంబు పంపడమూ మానీసింది.”

“దాని కుళంబులో ఎప్పుడూ పులుపెక్కువే. పోతే పోనీ.”

“మాట మార్చకు. అసలు ఈ ఊళ్ళో తవుడెక్కడ దొరికింది నీకు?”

“కోళ్ళ దాణా కొట్లో. ‘ఎన్ని కోళ్ళున్నాయి ఆంటీ’ అనడిగినాడు ఆ సీనా దేశపు కొట్టాయన. ఒకటే ఉందిలే, దానికీ ఈకల్లేవన్నాను.”

“నవ్వొస్తాది గానీ, ఇది నవ్వే యవ్వారం కాదు.”

“నాను నవ్వినానేటి? నీ ముందు ఇద్దరు పుట్టినారు, ఇద్దరూ పోయినారు. మూడోదానివి నువ్వు. నిన్ను సేటలో ఏసి మారియమ్మ గుమ్మంలో పెట్టినాం, అది ఎత్తుకున్నాది. తవుడిచ్చి తెచ్చుకున్నాం. యముడొచ్చి ‘ఈ ఇంట్లో పుట్టిన పిల్లేదీ’ అంటే, ‘లేదు బాబూ, ఇది కొన్న సరుకు’ అంటాం. ఆడు నెత్తి గోక్కుని ఎళ్ళిపోతాడు. మీ ముత్తాతల కాడ నుంచి ఇదే మందు, తౌడూ.”

“తౌడూ అని పిలవకు! ఇక్కడ అందరూ ఇంటన్నారు. తివ్య అను.”

“ఆ పేరు ఆడికి తెలీకూడదు.”

“ఆడికి తెలీకుండా దాచినావు, గవర్నమెంటుకీ తెలీకుండా పోయినాది! పేరు రాయించలేదు. పుట్టిన కాయితం లేదు, గుర్తింపు కార్డు ఐసీ లేదు. పెద్ద టీచరు దయతలిస్తే స్కూల్లో కూర్చున్నాను. ఆవిడే ఎవరెవరి కాళ్ళో పట్టుకుని పరీక్ష రాయించింది. ఇప్పుడు కాలేజీలో సీటొచ్చింది. ఈ ఆఫీసోళ్ళు నా పుట్టిన కాయితం అప్లికేషన్ ఒప్పుకున్నట్టు సీటీ శుక్రవారం లోపల సూపించాలి. లేదంటే ఆ సీటు ఇంకోళ్ళకిస్తారు.”

“ఏం సదువన్నావే అది?”

“వందసార్లు సెప్పినాను. పడవ ఇంజిన్ల సదువు.”

“దానికీ సదువేటి? మన ఈదిలో కిషేన్ గాడు సదివినాడా? ఇంజిన్ని ఒక్క తన్ను తంతాడు, పడవ ఎళ్ళిపోతాది.”

“నడి సముద్రంలో ఆగినప్పుడూ తంతాడు, అప్పుడెళ్ళదు. ‘ఏ వైరు పీకాలి తివ్యా’ అని నాకే ఫోను సేస్తాడు.”

“నీకెందుకే ఆడి గోల? మారియమ్మ కోపం తగ్గినాక దాని కాఫీ కొట్లోనే కూర్చోరాదా? కాఫీ కలిపితే ఎవడూ ఐసీ అడగడు.”

“కాఫీ కలపడానికా నాను రాత్రింబవళ్ళు సదివింది? పన్నెండేళ్ళకి క్లాసులో అందరికీ ఐసీ వచ్చింది. ఒకళ్ళ ఫోటో ఇంకోళ్ళు సూసి నవ్వుకున్నారు. నాదేదంటే ఇంట్లో మరిచిపోయినానన్నాను. స్కూలు అయిపోయేదాకా మరిచిపోతూనే ఉన్నాను. బస్సులో పోలీసు ఎక్కితే తరవాతి స్టాపులోనే దిగిపోతాను. నానేం దొంగతనం సేసినాను, అమ్మమ్మా?”

“ఎండ మండిపోతన్నాది. ముందు నీళ్ళు తాగు.”

“నీళ్ళు తరవాత. యముడికి మలయ్ రాదు. మలయ్‌లో సెప్పీయి.”

“రాదా! మా అమ్మ పోయినాది, మీ తాత పోయినాడు, ఎస్టేట్లో మనోళ్ళు సగం మంది ఈ దేశంలోనే పోయినారు. అప్పటి నుంచి ఇక్కడే తిరుగుతున్నోడికి మలయ్ రాకుండా ఉంటాదేటి? నీకన్నా బాగానే వచ్చుంటాది.”

“అయితే సిన్నగా అను. ఆఫీసరమ్మ సెవిలో.”

“ఆడి సెవులు పెద్దవి.”

“అలమక్, ఓలమ్మో! పద్దెనిమిదేళ్ళొచ్చినాయి నాకు. కావాలంటే ఈపాటికే తీసుకుపోయుండేవోడు. డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడుకున్నాను కదా, అప్పుడే పోవాలి.”

“పోలేదు కదా! ఎందుకు పోలేదు? ఒక్కనాడైనా నా నోటంట ‘మా పిల్ల’ అన్నానా?”

“అనలేదు. ఒక్కనాడూ అనలేదు. నీకు తెలుసో లేదో, సిన్నప్పుడు నాను నిజంగానే మారియమ్మత్త పిల్లననుకున్నాను. సంచిలో గౌన్లు సర్దుకుని ఆవిడింటికెళ్ళిపోయినాను. రెండు ఇడ్లీలు పెట్టి పంపీసింది.”

“ఎరుగుదును. గోడ ఇవతల నిలబడి సూస్తానే ఉన్నాను.”

“సూస్తా ఉండి, ఎందుకు పిలవలేదు?”

“ఏమని పిలవను?”

తివ్య రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

“ఏడవకు. అందరూ సూస్తన్నారు. ఇద్దర్నీ నా సేతుల్తోనే మట్టిలో పెట్టినానే. మీ అమ్మకి పాలు గడ్డకట్టి, రాత్రంతా ఏడుస్తా ఉంటే నాను గుడ్డ తడిపి ఒత్తినాను. నీకు మూడో ఏడొచ్చేసరికి అదీ పోయినాది. నాకు మిగిలింది ఒక్కటే. దాన్ని కూడా నా నోటితో నానే పోగొట్టుకోమంటావా? భయమే నాకు. నవ్వితే నవ్వుకో. శానా భయం.”

“నవ్వట్లేదు.”

“అప్పలా... నరా... సమ్మా! లోపలికి రండి!” అని గుమ్మంలోంచి గుమాస్తా కేకేశాడు.

“మననే. లెగు, లెగు. ఆకు ఉమ్మీయి ముందు.”

“మింగీసినాను.”

లోపల ఆఫీసరమ్మ ఆవిడని మక్చిక్, అంటే పెద్దమ్మా, అంటూ మలయ్‌లో అడిగింది. ముసలమ్మకి మలయ్ కొట్టినపిండే; ఆఫీసరమ్మని పువాన్, అంటే అమ్మగారూ, అంది.

“కూర్చోండి, మక్చిక్. పోయినసారిలా కొనడాలూ అమ్మడాలూ చెప్పకండి. అది మీ ఆచారమని ఈ అమ్మాయి చెప్పింది, పోలీసులకి నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. ఈమె కన్నతల్లి రామలక్ష్మి అని చెప్పగలవాళ్ళు మీరు కాక ఇంకెవరున్నారు?”

“ఎవరున్నారు, పువాన్? మంత్రసాని పోయినాది. తల్లి పోయినాది. తండ్రి గుడిలో తాళి కట్టినాడు, ఏ ఆఫీసులోనూ సంతకం పెట్టలేదు. ఇప్పుడెక్కడున్నాడో ఆడికే తెలీదు. నానొక్కదాన్నే.”

“పుట్టినప్పుడు మీరు దగ్గరున్నారా?”

“నా సేతుల్లోనే పడ్డాది.”

“మంచిది. అయితే చెప్పండి, ఈమె మీకేమవుతుంది?”

“పక్కింటి...”

“అమ్మమ్మా!”

“మక్చిక్, మీరు మళ్ళీ పక్కింటి పిల్ల అంటే నేనీ ఫైలు మూసెయ్యాలి. నా చేతుల్లో ఏమీ ఉండదు.”

“మూసేస్తే ఏటవుతాది?”

“అప్లికేషన్ కొట్టేస్తారు. కాలేజీ ఉండదు. రేపు ఉద్యోగం, పెళ్ళి, ఏదీ లెక్కలోకి రాదు.”

“అంటే మీ లెక్కలో ఇది బతికున్నట్టా, సచ్చిపోయినట్టా?”

“చచ్చిపోవడానికీ మా దగ్గర పేరుండాలి, మక్చిక్. ఈమె అసలు పుట్టనట్టు.”

“పుట్టనట్టా!”

“కోప్పడకండి, రూలు అంతే.”

“పుట్టినప్పుడు ఎంత ఏడుపు ఏడ్చినాదో నువ్వెరుగుదువా? ఈదంతా లెగిసినాది! సేటలో పెడితే కాళ్ళతో తన్ని సగం తవుడు పారబోసినాది. పుట్టనట్టంటా!”

“నాకెలా తెలుస్తుంది? మీరు చెబితేనే కదా తెలిసేది.”

“అమ్మమ్మా, పోనీలే. నీకంత భయమైతే వద్దులే. ఇంటికెళ్ళిపోదాం. నాను కాఫీ కలుపుకుంటాను.”

“నోర్ముయ్యే! యముడికి భయపడి దీన్ని దాచీసినాను. ఆడు తీసుకుపోతే ఇంతకన్నా ఏటి సేసుండేవోడు? పువాన్, ఆ కిటికీ తెరువు.”

“కిటికీ దేనికి, మక్చిక్?”

“తెరువమ్మా, నీకు పుణ్యముంటాది. ఆఁ, సాలు. ఒరే యముడా! ఇలా ఇను! ఇది మారియమ్మ పిల్ల కాదు, తవుడికి కొన్న సరుకూ కాదు. నా రామలక్ష్మి కన్న పిల్ల. దీని పేరు తివ్య. నా మనవరాలురా, నా మనవరాలు! నీతో అబద్ధమాడింది నాను, ఈ గుంటకేటీ తెలీదు. తగువుంటే నాతో పెట్టుకో. ఇదిగో నా ఐసీ, ఇందులో నా అడ్రసు కూడా ఉంది, ఇల్లు మారకుండా సూసుకుని మరీ రా!”