కప్పు మోసిన భుజం

షాపింగ్ సెంటర్ ముందు ఆరుబయట ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చుని ముసలి మేస్త్రీ గొంతు సవరించుకున్నాడంటే, టీ కొట్టతను స్టవ్వు సన్నం చేసి మరీ వినేవాడు.

"ఈ కప్పు చూశారా? అట్టముక్కంత పలచన! దుకాణాల ముందు ఇంత పొడుగున గాల్లోకి చాచి, అంచున ఒక్క స్తంభం లేకుండా పోశాం. కిందనుంచి ఆనించిన సెంట్రింగ్ కర్రలు తీసే రోజు కూలీలంతా జంకారు. నేనే వెళ్ళి కింద నిలబడ్డాను."

ఆ పనివాళ్ళలో అదొక ఆనవాయితీ. పోసిన మేస్త్రీయే ముందుగా కప్పు కింద నిలబడాలి. అప్పుడే మిగతావాళ్ళకు ధైర్యం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చివరి కర్ర తియ్యగానే కప్పు కిర్రుమంది. భుజం ఆనించాను. ఠక్కున ఆగింది!"

"ఎంతసేపు మోశావు మామా?" కుట్టు మిషను ఆపకుండానే అడిగింది దర్జీ ఆవిడ.

"సిమెంటుకు బుద్ధొచ్చేదాకా! ఈ భుజాన కప్పు, ఆ చేతిలో టీ. అంతలో గాలివాన. కప్పు గాలిపటంలా లేచింది! అంచు పట్టుకుని వేలాడుతూ ఊరంతా చుట్టొచ్చి, మళ్ళీ తెచ్చి దింపి, తూకం గుండు వేసి చూద్దును కదా, వెంట్రుకవాసి తేడా లేదు! ఇవాళ ఈ పేటంతా దీని కిందే కూరలు కొంటోంది, బస్సుకోసం నిలబడుతోంది, పిల్లల సంబంధాలు మాట్లాడుకుంటోంది. అంతా ఈ భుజం చలవే!"

"మరి అత్త ఎక్కడుంది అప్పుడు?" మళ్ళీ దర్జీ ఆవిడే అడిగింది.

"ఇంట్లో. నాకోసం ఏడుస్తూ."

కూరల సంచితో వచ్చిన అతని భార్య అప్పటికే పక్కన నిలబడి వింటోంది.

ఇంతలో వాన దబదబా మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా కప్పు కిందికి పరుగెత్తారు. మేస్త్రీ మాత్రం బల్ల మీదే ఉండిపోయాడు, పక్కన భార్య.

"లోపలికి రా మామా!" కేకేశాడు టీ కొట్టతను.

"ఇదీ ఒక వానేనా? ఆ రోజు గాలివాన ముందు..."

దర్జీ ఆవిడ మిషను ఆపింది. "ఇక్కడ కొట్టు పెట్టినప్పటినుంచీ చూస్తున్నాను. ఎండైనా వానైనా నువ్వు ఈ కప్పు కిందికి ఒక్కనాడూ రాలేదు. నువ్వు మోసిన కప్పంటే నీకే భయమా మామా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వేస్తే బాగుండుననిపించింది మేస్త్రీకి. కర్రలు తీసిన ఆ రోజు నిజానికి అతను రోడ్డవతలే ఉండిపోగా, అతని బదులు చంకలో పసిబిడ్డతో కప్పు కిందికి నడిచిన భార్య ఇప్పుడు సంచి చంకనెత్తుకుని అదే చోటికి వెళ్ళి నిలబడింది.

"పడదులే. రా," అంది, ఆ రోజు అన్నట్టే.

అతను తలవంచుకుని లేచాడు. అంచుదాకా వచ్చాడు. ఇంకొక్క అడుగు పడలేదు. పైనుంచి కారే ధార సరిగ్గా ఆ భుజం మీదే పడుతోంది.