ఫ్యాను కట్టెయ్యక ముందు

అది కాదు రాజ్యమక్కా, పొద్దుటి నుంచి మూడు వాయిస్ నోట్లు పెట్టా. మూడిటికీ నీలం టిక్కులు పడ్డాయి. ఒక్క ముక్కన్నా... అయ్యో, ఛ! గొంతు ఆపరేషనయ్యాక నీకు మాటెక్కడిది? నా నోరు పడ! అలవాటు చొప్పున అనేశా, ఏమనుకోకు.

మీ తేజశ్రీ మెసేజ్ చూశా. "కోటేష్ మామయ్యా, అమ్మ తన గొంతు వినాలంటోంది. సీడీలో పాటలొద్దట, అది తన గొంతే కాదట" అని.

చెప్పొద్దూ, కోపమొచ్చింది! నీ గొంతు కాకపోతే ఎవరిది? ఇంకొల్లులో బస్సెక్కి ఒంగోలొచ్చి, నా స్టూడియోలో పాడింది నువ్వు కాదూ? ఆరు మిరపకోతల పాటలు! రోడ్డు మీద చీమకుర్తి రాయి లారీ మోత పోయిందాకా ఆగడం, ఫ్యాను కట్టెయ్యడం, చెమటలు కక్కుతూ నువ్వు ఎత్తుకోవడం. మే నెల కూడాను!

తర్వాత నేనేం చేశానో తెలుసా? నువ్వు ఊపిరి పీల్చిన ప్రతిచోటా కత్తిరించా. మిరప ఘాటుకి పట్టిన ఆ దగ్గుంది చూడు, అది తీసేశా. చరణం చివర గొంతు జీరబోతే సాపు చేశా. వారం పట్టింది. ఇరవయ్యారేళ్లుగా అదేగా నా బతుకు! "కోటేష్ చెయ్యి పడితే పాట అద్దంలా ఉంటది" అంటారు. అద్దమేనక్కా. నువ్వే కనపడవు అందులో.

"అయితే కత్తిరించనివి పంపు" అంటావు, అంతేగా? ఆ మాట చెప్పలేకే ఈ సోదంతా.

నిన్న తేజశ్రీతో హార్డ్ డిస్క్ పాడైందన్నా కదా. అబద్ధం. డిస్కు గుండ్రాయిలా ఉంది. నేనే తుడిచేశా. ఎన్నికల పాటలొచ్చి పడ్డాయి, చోటు చాల్లేదు. పాట తయారయ్యాక పచ్చి రికార్డు ఎవడడుగుతాడ్లే అనుకున్నా. ఇన్నేళ్లలో ఎవరూ అడగలా. నువ్వే మొదలు.

వింటున్నావా? ఫోను విసిరికొట్టకు, ఇంకో మాటుంది.

'చెత్త' అని పేరు పెట్టుకున్న ఫోల్డర్లో ఒకటి దొరికింది. పాట మొదలవకముందు మైకు సరిచూసుకుంటుంటే పడింది. పదకొండు సెకన్లు. ఫ్యాను గరగర. నేను కట్టెయ్యబోతున్నా, నువ్వు అరుస్తున్నావు: "ఒరేయ్ కోటేషూ, దాని జోలికెళ్లావంటే చెయ్యిరగ్గొడతా! మనిషిని ఉడకేసి పాడమంటే పాటొస్తదంట్రా?" ఆనక దగ్గు. ఆ దగ్గులోంచే నవ్వు.

ఆ గరగర తీసేద్దామని చెయ్యి దానంతటదే పోయిందక్కా. మాయదారి చెయ్యి! వెనక్కి లాక్కున్నా.

పాటలన్నీ పోయాయి. తిట్టొకటే మిగిలింది.

పంపనా?