మూడు మలుపులు

కొండ రోడ్డు మీద యాత్రకి సామాన్లు కట్టిన రెండు సైకిళ్లు పడి ఉన్నాయి. ఒకదాని చక్రం వంకరపోయింది. ఆగిన జీపు ముందు దాని డ్రైవరు నెత్తురు మడుగులో మూలుగుతున్నాడు.

"బావా, ఆ రాయి పడెయ్. ఇంక కొట్టకు."

"మూడు మలుపుల నుంచీ నవ్వుతూ నీ సైకిల్‌ని గుద్దుతున్నాడురా! లోయలో పడుంటే మీ అక్కకేం చెప్పేవాణ్ణి?"

"నాకు మోచెయ్యి చెక్కుకుపోయిందంతే. వాడికి చూడు, ఊపిరి సరిగ్గా ఆడట్లేదు."

బావ చేతిలోంచి రాయి జారింది.

"ఆస్పత్రికి తీసుకెళ్దామంటే నాకు జీపు నడపడం రాదురా."

"నాకొచ్చు. నువ్వు వాడి తల ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చో."

"ఆస్పత్రి వాళ్లకి, జారిపడ్డాడని చెబుదామా?"

"వాడు బతికితే నిజం వాడే చెప్తాడు బావా."

బావ తన చొక్కా విప్పి, డ్రైవరు తలకు గట్టిగా అదిమాడు.

"చెప్పనీరా. బతకనీ ముందు."