శనికి ఎదురుగా

తిరుపతి సైన్స్ సెంటర్ మేడ మీద, మసక చీకట్లో, శనిగ్రహాన్ని చూపించే టెలిస్కోపు కాడ కోమల వంతు వచ్చింది. మొగుడు చెయ్యి పట్టుకోని ఆపినాడు.

“వద్దు మే! గుళ్లోనే శనీశ్వరుడికి ఎదురుగా నిలబడం. పక్కకు జరిగి మొక్కుతాం.”

“బోరు ఎండితే నా వల్లే. ఆవు వట్టిపోతే నా వల్లే. కాపరానికొచ్చినప్పటి నుంచీ మీయమ్మ నన్ను శని అంటానే ఉండాది. ఆ శని ఎట్లుంటాడో నేను సూడొద్దా?”

“మాయమ్మకు తెలిస్తే?”

“నేనే సెప్తా. ముందు చెయ్యి ఇడువు.”

ఆమె కన్ను ఆనించింది. ఎంతసేపటికీ తియ్యలేదు.

“ఏమి కనపడతా ఉండాది?” భయంభయంగా అడిగినాడు.

“నడుముకు వడ్డాణం పెట్టుకోని, బంగారు మాదిరి మెరస్తా ఉండాడు. ఎంత సక్కంగుండాడో! ఇంటికి పోతానే మీయమ్మ ముందర నిలబడి, ఆ మాట ఇంగోసారి అనమంటా.”