వావిలా, వాక్కాయా?

హనుమకొండ, 1979 వానాకాలం, ఒక పొద్దున. కిరాణా దుకాణం పంచుకున్న అన్నదమ్ములకు తనివి తీరలేదు, ఇప్పుడు పెరడు మీద పడ్డారు. నడుమ కంచె నాటడానికి ముసలి కట్టయ్య వచ్చాడు. పెద్దవాడు రామలింగం భార్య శారద, పాపం, అతని గడ్డపారను నేల తాకనివ్వడం లేదు.

"వద్దు తాతా, జర దాన్ని పక్కన పెట్టు."

"ఎట్ల పెట్టాలమ్మా? పదునున్నప్పుడే గుంతలు తియ్యాలె. రెండు దినాలు ఎండ కొట్టిందంటే భూమి బిగుసుకపోతది."

"ఏం చెట్లు తెచ్చినవ్?"

"వాక్కాయ. నీళ్ళు పోసినా బతుకుతది, పొయ్యకున్నా బతుకుతది. రెండు మూడేండ్లల్ల ఇటు కుక్క అటు పోదు, అటు కోడి ఇటు రాదు."

"అంత ముండ్లా?"

"కంచె అంటే మరి గదేనాయె."

"మైదాకు పెట్టరాదు? చేతులకన్న పెట్టుకుంటం."

"మైదాకు మంచిదే. గని కొసలు కత్తిరిస్తాంటే అడుగు దాంక గుబురైతది. చెయ్యి గూడ పట్టది."

"చెయ్యి పట్టదా? వద్దు వద్దు. తంగేడు?"

"తంగేడు నడుమెత్తే. ఈడ నిలవడితె అవతలి మనిషి కడుపు దాంక కనవడ్తది. సేటు నన్ను తంతడు."

"కడుపు కనవడాలనే అడుగుతాన్న తాతా. మా చెల్లె సుగుణకు ఏడో నెల."

"ఎరుకేనమ్మా."

"ఏం ఎరుక నీకు? మాకు అమ్మ లేదు. దాన్ని చంకనేసుకొని పెంచిన. బాపు వేరే సంబంధం చూస్తాంటె, మా మరిదికే ఇయ్యమని ఏడ్చి మొత్తుకున్నది నేనే. ఒక్కింట్ల ఉంటమని, ఒక్క పొయ్యి మీద వండుకుంటమని. ఇప్పుడు చూడు. పది అడుగులు లేదు దానిల్లు, నాకు తొవ్వ లేదు."

"అన్నదమ్ముల కోపాలు ఎన్నొద్దులుంటయమ్మా..."

"ఎన్నొద్దులో నువ్వే చెప్పు. ఈ చెట్టు ఎన్నేండ్లు బతుకుతది?"

"గదెందుకమ్మా ఇప్పుడు?"

"చెప్పు."

"మనకంటె ఎక్కువనే."

"మరి? వాకిలి దాటి అటు పోతె కాళ్ళు ఇరగ్గొడ్తనన్నడు మా ఆయన. బట్టలు ఆరేసెటప్పుడు ఇంత మాట, అంతే మాకు మిగిలింది. గదొక్కటన్న ఉండనియ్యి. సందుండే చెట్టు చెప్పు తాతా, నీకు పుణ్యముంటది."

"సందుండేదా... వావిలి ఉన్నది. నిలువెత్తు లేస్తది. పైన గుబురు. కొమ్మలు కొట్టకుంట ఇడిసిపెడితె కింద ఖాళీనే. కూసుంటె ఈ మనిషికి ఆ మనిషి..."

"గది! గదే పెట్టు. చెయ్యి పడ్తదా?"

"చెయ్యేంది, అన్నం పళ్ళెం పడ్తది."

"పళ్ళెం పడ్తదా! పసిపిల్ల పడ్తదా తాతా?"

"మెల్లగమ్మా, మెల్లగ. అగో, సేటు."

రామలింగం పెరటి తలుపులోకి వచ్చాడు.

"ఏందే, పనోనితోని ఇంతసేపు ముచ్చట?"

"ఏం లేదు... వావిలి పెడితె మంచిగుంటదట. మేకలు ముట్టయట. తాతనే అంటాండు."

"ఏం కట్టయ్యా?"

"అవు సేటూ. నిలువెత్తు లేస్తది."

"ఏ చెట్టయితె నాకేంది? పప్పులు ఉప్పులు అడుగు చెప్త, చెట్ల సంగతి నాకేం ఎరుక? వాని ఇల్లు నా కంటికి కనవడొద్దు. పొద్దుగూకే వరకు నాటుడు అయిపోవాలె. నేను దుకాణానికి పోతాన్న. నువ్వు లోపలికి నడువ్."

"పోత. తాతకు ఇంత చాయ పోసి పోత."

చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటింది.

"పోయిండా?"

"పోయిండు."

"ఇన్నవు కద! ఏ చెట్టయినా సరే అన్నడు. నేను ఉత్తగనే ఫికర్ చేసిన. ఈ ముండ్లు ఎత్తుకపో తాతా, వావిలి తే. దూరం పోవాల్నా?"

"చెరువు కట్ట మీద మస్తుంటది. కొమ్మ గుచ్చితె బతుకుతది. గని..."

"బాలింతకు తానానికి వావిలాకు నీళ్ళే కావాలె కద. నేను ఈడ కాగబెట్టి, కింది నుంచి బిందె అటు జరుపుత. ఎవలకు ఎరుకైతది? గని ఏందన్నవ్?"

"ఏం లేదమ్మా. తెస్త, వావిలే తెస్త."

"ఆగు. ఆయన ఏ చెట్టయితె నాకేంది అన్నడు. మరి వాక్కాయ తెమ్మని నీకు ఎవలు చెప్పిన్రు?"

"ఇడిసిపెట్టమ్మా."

"మా మరిదా?"

"ఆయన గాదు."

"మరెవలు తాతా?"

"నిన్న కొలతలకు వచ్చినప్పుడు... మీ చెల్లె పిలిచింది."

"సుగుణనా? సుగుణ ముండ్లు పెట్టుమన్నదా? అబద్దం."

"నా మనుమల మీద ఒట్టు. 'సందుంటె అక్క ఆగది తాతా. నాతోని మాట్లాడిన దినమల్ల బావ బెల్టు తీస్తడు. ఒక్కొక్క దెబ్బ నాకు ఇనవడ్తది. నేను చెప్పిన్నని అక్కకు చెప్పకు' అన్నది."

"దెబ్బలా? ఏం దెబ్బలు... దానికెట్ల ఎరుక? నేను ఒక్కనాడు చెప్పలే. నోట్ల కొంగు కుక్కుకుంట, సప్పుడు గూడ రానియ్య."

"నేను పాపపోన్ని, చెప్పిన."

"చెప్పేటప్పుడు ఏడ్సిందా?"

"లేదమ్మా. మూరకొకటి పెడితె సందైతదని, ఆ కడుపుతోనే వంగి, జానకొకటి నాటుమని తానే కొలిచి చూపెట్టింది."