డబ్బాలెత్తిన బాబాయి

నడుం పట్టేసి మంచాన పడ్డ మా బాబాయి దేవుడి దయవల్ల లేచి తిరుగుతున్నాడు. ఆ ఖ్యాతిలో మాత్రం ఆయన దేవుడికి కూడా వాటా ఇవ్వలేదు. బట్టల కొట్టుకి సెలవైన రోజున టీ గ్లాసు పట్టుకుని వరండాలో కుర్చీ వేసుకున్నాడంటే, ఇక వినేవాళ్ళ ఓపిక.

ఆ రోజు నేను కాక ఆయన ఎదురుగా ముగ్గురున్నారు: పక్కవాటా టైలరమ్మ, ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చిన కరెంటాయన, పిన్ని తమ్ముడు. ఈ తమ్ముడు ఇళ్ళకి రంగులేస్తాడు. నిచ్చెన మీంచి జారి కుడిభుజం కీలు తప్పింది. కట్టు ఈమధ్యే విప్పారు. సోమవారం పనిలోకి రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని మేస్త్రీ కబురు చేశాడు. మళ్ళీ కీలు తప్పితే ఆపరేషనే గతి అని డాక్టరు చెప్పాడు. అందుకే అతను మిగతా ఇద్దరిలా నవ్వుకుంటూ కాకుండా, బావ నోట్లోంచి ఊడిపడే ప్రతి మాటనీ ఏరుకుంటున్నాడు. పిన్నికి అదే భయం.

"నిన్నేం చెయ్యమన్నార్రా ఆ ఫిజియో వాళ్ళు?" అన్నాడు బాబాయి.

"రబ్బరు పట్టీ లాగమన్నారు బావా. ఆ తర్వాత చిన్న నీళ్ళ సీసా పట్టుకుని, మెల్లిగా..."

"సీసా! పాలు తాగే పిల్లాడివా? నా దగ్గరికీ వచ్చిందిరా ఓ అమ్మాయి. గోడకెదురుగా నిలబెట్టి, గోడని తొయ్యమంది. ఆ గోడ నాకేం ద్రోహం చేసిందని? నవ్వొచ్చి ఊరుకున్నాను. అసలు నా నడుం ఎలా పట్టేసిందో తెలుసా?"

"తుమ్మితే కదా గురువుగారూ?" అన్నాడు కరెంటాయన.

"తుమ్మితేనే. కాదనను. కానీ ఎప్పుడు తుమ్మాను? రెండు చేతులా బట్టల బేలు ఎత్తి పట్టుకున్నప్పుడు తుమ్మాను. ఇంకొకడైతే రెండు ముక్కలయ్యేవాడు. నేను కాబట్టి ఒక్క ముక్కగానే ఇల్లు చేరాను. సరే, కాస్త కూర్చోగలిగాక చూశాను, ఇలా కాదని. అదిగో, ఆ మూల మూతలు బిగించిన రెండు నల్ల డబ్బాలున్నాయే, వాటిని నీళ్ళతో నింపమన్నాను మీ అక్కని. మొదటిరోజు పిడి పట్టి లాగితే కదిల్తే ఒట్టు! నేలకి అంటించినట్టున్నాయి. నేను ఊరుకుంటానా? మర్నాడు మోకాలిదాకా లేచాయి. ఇంకో రోజుకి నడుందాకా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేతికొకటి చొప్పున రెండూ నెత్తి మీదికి! దూది ఎత్తినట్టుంది. పట్టీ లేదు, మందు లేదు, ఒట్టి పట్టుదల."

తమ్ముడు తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"ఇంక డబ్బాలు ఆనలేదురా నాకు. సరదాకి ఆ గోడనే ఓ తోపు తోశాను. టైలరమ్మ వంటిల్లు జానెడు తగ్గిపోయింది. అడుగు, ఇక్కడే ఉందిగా."

"అవునన్నయ్యా, అప్పట్నుంచీ పక్కకి తిరిగి వండుకుంటున్నా," అంది టైలరమ్మ, గుండీ కుడుతూ తలెత్తకుండా.

"విన్నావా? సాక్ష్యం! తర్వాత మంచం ఎత్తాను. మీ అక్క దాని మీద కునుకు తీస్తోంది. కళ్ళు తెరిచేసరికి ఫ్యాను రెక్క ముక్కుకి తగలబోతోందట. మర్నాటినుంచి పడుకోనంది. బరువు చాలొద్దూ మరి? నేనే పడుకుని, నన్నూ మంచాన్నీ కలిపి నేనే ఎత్తేశాను."

"మరి కింద ఎవరున్నారండీ?" అన్నాడు కరెంటాయన.

"కిందా నేనే, పైనా నేనే. బలం వచ్చాక ఇలాంటి చిల్లర సందేహాలు అడ్డు రావయ్యా. బస్కీలు మొదలుపెట్టాను. మున్సిపాలిటీ వాళ్ళు పరిగెత్తుకొచ్చి, బాబూ, మీరిక్కడ కిందికి దిగినప్పుడల్లా అవతలి వీధి పైకి లేస్తోంది, కాస్త దయచూడండి అని బతిమాలారు. పోనీలే అని దండీలకి మారాను. ఏం లాభం? నేను పైకి లేవడం లేదు, భూమే కిందికి పోతోంది! మొన్న పొద్దు కాస్త ఆలస్యంగా కుంకింది, ఎవరైనా గమనించారా?"

"నేను ఫ్యూజు పోయిందేమో అనుకున్నా," అన్నాడు కరెంటాయన.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. లేచి, కుడిచేతి చొక్కా మడుచుకుంటూ డబ్బాల దగ్గరికి నడిచాడు.

"అదీ! మగాడంటే అలా ఉండాలి. కుడిచేత్తోనే పట్టు. ఒక్క ఊపు!"

అతను వంగి పిడి మీద చెయ్యి వేశాడో లేదో, గుమ్మంలోంచి పిన్ని వచ్చి ఆ చేతిని పట్టుకుంది.

"వద్దురా. అది నిండుగా ఉంది."

"నిండుగా లేకపోతే ఎత్తడం దేనికే? రోజూ నేనెత్తేవి నిండువి కావూ?" అన్నాడు బాబాయి.

"కావండీ." పిన్ని గొంతు ఎన్నడూ గుమ్మం దాటదు. ఆ రోజూ అంతే. "మొదటిరోజు మీరు డబ్బా లాగి, మూలుగుతూ కూలబడ్డారే, ఆ మధ్యాహ్నమే వెళ్ళి ఆ ఫిజియో అమ్మాయినే అడిగాను. ఆయన మీ మాట వినరు, మీరే బరువు తగ్గించండి అంది. మీరు స్నానానికి వెళ్ళినప్పుడల్లా మూత తీసి కాసిని నీళ్ళు తీసేదాన్ని. వాటితోనే ఇల్లు తుడిచాను. మీరు నెత్తి మీదికెత్తిన రోజున ఒక్కోదాంట్లో చెంబెడు ఉన్నాయేమో. ఇవాళ కుళాయి వచ్చింది, నింపాను."

కరెంటాయన తాగుతున్న టీ ముక్కులోకెక్కింది. టైలరమ్మ మొదటిసారి తలెత్తింది.

"నీళ్ళు తగ్గితే నా చేతికి తెలియదూ?" అన్నాడు బాబాయి.

"తెలిసింది కదండీ. దూదిలా ఉందన్నారు."

తమ్ముడు మడిచిన చొక్కా మెల్లిగా కిందికి దించుకున్నాడు. "మేస్త్రీతో చెప్తానక్కా, కొన్నాళ్ళు గోడల కింది సగమే వేస్తానని. ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు."

"నేనూ వచ్చి చెప్తాను," అంది పిన్ని.

అంతమంది చూస్తుండగా బాబాయి లేవక తప్పలేదు. వెళ్ళి డబ్బా పిడి పట్టుకున్నాడు. ఊపిరి బిగించాడు. మెడ నరాలు లేచాయి గానీ డబ్బా లేవలేదు.

పిన్ని నవ్వలేదు. చెంబు తెచ్చుకుని పక్కన కూర్చుని, మూత తిప్పి తీసింది. "ఆగండి, ఆ నడుంతో నాకింకా పనుంది. నేను నీళ్ళు తీస్తాను. ఎక్కడికొచ్చాక లేస్తుందో చెప్పండి, అక్కడ ఆపుతాను."

చెంబు తర్వాత చెంబు బకెట్లో పడింది. బాబాయి డబ్బాలోకి తొంగి చూశాడు. ఆ తర్వాత, మాలో ఎవరికీ వినపడకూడదన్నట్టు అన్నాడు:

"ఇంకో రెండు తియ్యవే."